గడప దాటాక తోడెవరు?

ముందుగా మా వీధిలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. గర్వంగా చెప్పుకునే సంగతి కాదు. కొన్నేళ్ళ కిందటి మాట. చలికాలం. ఇషా నమాజు ముగిసి, వీధంతా తలుపులు వేసుకున్నాక, రాత్రి పదకొండు దాటిన వేళ మా తలుపు ఎవరో తట్టారు. తీసి చూస్తే మూడిళ్ళ అవతలి వారి కోడలు. చంకలో రెండేళ్ళ పిల్ల. కాళ్ళకు చెప్పులు లేవు. పై పెదవి చిట్లి ఉంది. "చాచా, నన్ను మా అమ్మ వాళ్ళ ఊరికి పంపించండి" అన్నది ఆమె. అంతకు మించి ఒక్క మాట లేదు. ఆమె పుట్టిల్లు అరవై కిలోమీటర్లు. ఆఖరి బస్సు తొమ్మిదిన్నరకే వెళ్ళిపోయింది.

లోపలికి పిలిచాం. మంచినీళ్ళిచ్చాం. ఆ తర్వాత మేము చేసిన పని ఆలోచించడం. ఇంత రాత్రప్పుడు ఎవరి బండి దొరుకుతుంది? మేము తీసుకెళ్తే రేపు ఆమె భర్త మమ్మల్ని ఏమంటాడు? పోలీసు స్టేషనుకు వెళ్తే మొహల్లా పరువు ఏమవుతుంది? మస్జిద్ కమిటీ పెద్దలను లేపాలా, తెల్లవారే దాకా ఆగాలా? ఈ మంతనాలతో ముప్పావు గంట గడిచింది. అంతలో ఆమె బావగారు, మరిది వచ్చారు. ఎంతో మర్యాదగా మాట్లాడారు. "ఇంటి గొడవ చాచా, మేం చూసుకుంటాం" అన్నారు. ముందుగా పిల్లను ఎత్తుకున్నారు. పిల్ల వెనకే తల్లి నడిచింది. వెళ్తూ ఆమె మా వైపు చూడలేదు.

తెల్లవారాక వీధి చివర ఉండే ఆటో అబ్బాయి సంగతి విని వచ్చాడు. "నన్ను లేపి ఉంటే అయిపోయేది కదా, నా బండి రాత్రంతా ఇక్కడే ఉంటుంది" అన్నాడు. నిజమే. మా గుమ్మానికి ఇరవై అడుగుల దూరంలో ఉన్న ఆటో ఆ రాత్రి మా ఇంట్లో ఒక్కరికీ గుర్తుకు రాలేదు. ఆరు నెలల తర్వాత పుట్టింటివారు వచ్చి ఆమెను తీసుకెళ్ళారు. అప్పటికి ముందు పన్ను ఒకటి పోయింది.

గృహహింస మీద పత్రికల్లో చాలా రాస్తారు. చట్టం గురించి రాస్తారు, కౌన్సెలింగ్ గురించి రాస్తారు, శరణాలయాల గురించి రాస్తారు. ఇంటి గడపకూ ఆశ్రయం దొరికే గడపకూ మధ్య ఉన్న దారి గురించి మాత్రం చదివిన గుర్తు మాకు లేదు. ఈ శుక్రవారం ఆ దారి గురించే మాట్లాడుకుందాం.

మక్కా నుంచి మదీనాకు

ఆ దారిలో తోడు నడిచిన ఒక మనిషి కథ మన చరిత్రలోనే ఉంది. జుమా ప్రసంగాల్లో చాలామంది వినే ఉంటారు. అయినా ఈ కోణం నుంచి మరోసారి చూడాలి.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) అప్పటికి అబూ సలమా (రజి) భార్య. భర్త ఆమెను, పసివాడైన కొడుకును ఒంటెపై కూర్చోబెట్టుకుని మదీనాకు హిజ్రత్ బయలుదేరారు. ఆమె పుట్టింటి తెగ బనూ ముగీరా వారు అడ్డుపడ్డారు. నువ్వు పోతే పో, మా పిల్లను పంపం అన్నారు. అది చూసి భర్త తెగవారికి కోపం వచ్చింది. అయితే బిడ్డ మావాడు అని వారు లాక్కున్నారు. ఆ పెనుగులాటలో పసివాడి చెయ్యి కీలు తప్పింది. భర్త ఒంటరిగా మదీనా చేరారు. బిడ్డను అత్తింటివారు తీసుకుపోయారు. ఆమె పుట్టింటివారి చేతిలో చిక్కుకుపోయారు. దాదాపు ఏడాది పాటు ప్రతి ఉదయం ఊరి బయట అబ్తహ్ అనే చోటికి వెళ్ళి సాయంత్రం దాకా ఏడ్చేవారట. చివరికి బంధువొకరు జాలిపడి తమవాళ్ళను ఒప్పించారు. బిడ్డ తిరిగి ఆమె ఒడి చేరాడు.

ఇక్కడ పాఠకులు ఒకటి గమనించాలి. ఆమెను బాధించింది భర్త కాదు. రెండు వైపుల కుటుంబాలూ పరువు పేరుతో ఆమెను పంచుకున్నాయి. ఇంటి హింస అంటే మొగుడి చెయ్యి ఒక్కటే కాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

అనుమతి దొరికింది గానీ తోడు దొరకలేదు. మదీనా సుమారు 450 కిలోమీటర్లు. ఆమె బిడ్డను ఒడిలో పెట్టుకుని ఒంటెపై ఒంటరిగా బయలుదేరారు. మక్కా పొలిమేరలోని తన్‌యీమ్ దగ్గర ఉస్మాన్ బిన్ తల్హా ఎదురయ్యారు. ఆయన అప్పటికి ఇస్లాం స్వీకరించలేదు. ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు: ఎక్కడికి వెళ్తున్నావు, తోడెవరున్నారు. దేవుడు, ఈ బిడ్డ తప్ప ఎవరూ లేరని తెలిశాక మరో మాట లేకుండా ఒంటె ముక్కుతాడు పట్టుకుని నడిచారు.

ఆ ప్రయాణం ఎలా సాగిందో ఉమ్మె సలమా (రజి) స్వయంగా చెప్పగా చరిత్రకారులు నమోదు చేశారు. మజిలీ రాగానే ఆయన ఒంటెను కూర్చోబెట్టి దూరంగా జరిగేవారు. ఆమె దిగాక వచ్చి ఒంటెను తీసుకెళ్ళి, బరువు దించి, చెట్టుకు కట్టి, తాను ఇంకో చెట్టు కింద పడుకునేవారు. బయలుదేరే వేళకు ఒంటెను సిద్ధం చేసి తెచ్చి, ఎక్కమని చెప్పి మళ్ళీ పక్కకు తప్పుకునేవారు. రోజుల తరబడి ఇలాగే నడిచారు. మదీనా అంచున ఖుబా పల్లె కనపడగానే, నీ భర్త ఇక్కడే ఉన్నాడు అని చెప్పి, వచ్చిన దారినే మక్కాకు తిరిగిపోయారు. లోపలికి వచ్చి పొగడ్తలందుకోలేదు. అంతటి మర్యాదస్తుడైన తోడును తాను చూడలేదని ఆమె తర్వాతి కాలంలో గుర్తు చేసుకునేవారు. ఆయన ఇస్లాం స్వీకరించింది చాలా ఏళ్ళ తర్వాత. క్రీ.శ. 630లో మక్కా విజయం నాడు కాబా తాళపుచెవి దైవప్రవక్త (స) ఆయన చేతికే తిరిగి ఇచ్చారు.

టొరంటోలో ఒక లారీ

ఇదే పనిని ఈ కాలంలో ఒక పద్ధతిగా చేస్తున్నవారున్నారు. కెనడాలోని టొరంటో నగరంలో 2016లో మార్క్ హల్-జాక్విన్ అనే ఆయన షెల్టర్ మూవర్స్ అనే సంస్థను ప్రారంభించారు. హింస నుంచి బయటపడుతున్న స్త్రీలను, పిల్లలను, వారి సామానుతో సహా సురక్షిత స్థలానికి ఉచితంగా చేర్చడం దీని పని. మోసేవారు, నడిపేవారు, ఫోన్లలో ఏర్పాట్లు చూసేవారు ఎక్కువ మంది స్వచ్ఛంద సేవకులే. ఉద్యోగం చేసుకునేవారు, విద్యార్థులు, పదవీ విరమణ చేసినవారు సెలవు పూట వచ్చి మంచాలు మోస్తారు. ఇప్పుడు ఒట్టావా, మాంట్రియల్, వాంకూవర్ వంటి చోట్లకూ ఈ పని విస్తరించింది.

ప్రాణం దక్కితే చాలు గదా, సామానెందుకు అని కొందరికి అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది. కట్టుబట్టలతో వెళ్ళిన ఆడమనిషి పరిస్థితి ఆలోచించి చూడండి. పిల్లల స్కూలు కాగితాలు ఇంట్లోనే ఉంటాయి. ఆధార్, నిఖానామా, బ్యాంకు పుస్తకం అక్కడే ఉంటాయి. రోజూ నాలుగు డబ్బులు తెచ్చే కుట్టుమిషను అక్కడే ఉంటుంది. వాటి కోసం పది రోజులకో పదిహేను రోజులకో ఆమె మళ్ళీ ఆ గడప తొక్కుతుంది. అటువైపు ఆ రోజు కోసమే కాచుకుని ఉంటారు. ఈ రంగంలో పనిచేసేవారంతా ఒక్కటే చెబుతారు: కొట్టే మనిషి మరీ ప్రమాదకరంగా మారేది ఆమె వెళ్ళిపోతోందని తెలిసినప్పుడూ, వెళ్ళిపోయిన కొత్తలోనూ. మళ్ళీ వెనక్కి పోయే అవసరం లేకుండా ఒక్కసారే అన్నీ తెచ్చుకోగలిగితే ఆ ప్రమాదం చాలా మటుకు తప్పుతుంది.

వారి పద్ధతిలో మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. ఎవరు ఫోన్ చేస్తే వారి ఇంటికి లారీ తీసుకుని పరుగెత్తరు. శరణాలయమో, ఆమె వ్యవహారం చూస్తున్న సంస్థో పంపితే వెళ్తారు. భర్త ఇంట్లో లేని వేళ ఏది, ఏ వస్తువులు తేవాలి, ఏ దారిన పోవాలి అన్నీ ముందే రాసుకుంటారు. ప్రమాదం ఉందనుకుంటే పోలీసులో, భద్రతా సిబ్బందో తోడుంటారు. కొత్త ఇల్లు దొరికే దాకా సామాను దాచిపెట్టే చోటు కూడా వారే చూపిస్తారు. భాష రానివారికి దుబాసీని ఏర్పాటు చేస్తారు. మోయడానికి వచ్చినవారు ఆమె కథ అడగరు. చిరునామా బయట చెప్పరు. పని అయ్యాక ఎవరి ఇంటికి వారు వెళ్ళిపోతారు. ఒంటెను కూర్చోబెట్టి పక్కకు తప్పుకున్న మనిషి ఇక్కడ మాకు గుర్తొచ్చాడు.

ఈ జాగ్రత్తలన్నీ అనుభవం మీద వచ్చినవే. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1997లో ఇద్దరు అన్నదమ్ములు మీట్‌హెడ్ మూవర్స్ అనే ఇల్లు మార్చే వ్యాపారం పెట్టారు. భర్త వచ్చేలోగా వెళ్ళిపోవాలి, చేతిలో డబ్బులేదు అని ఫోన్ చేసే స్త్రీల దగ్గర వారు డబ్బు తీసుకునేవారు కాదు. మంచి మనసే. అయితే ఒకసారి సామాను ఎక్కిస్తుండగా ఆ భర్త రానే వచ్చాడు. ఆ తర్వాత వారు ఒంటరిగా వెళ్ళడం మానేసి, శరణాలయాల ద్వారానే ఈ పని చేస్తూ వస్తున్నారు.

మన వాళ్ళు ఎక్కువగా ఉన్న దేశాలివి. తెలుగు రాష్ట్రాల నుంచి పెళ్ళి చేసుకుని వెళ్ళిన అమ్మాయికి అక్కడ కారు నడపడం రాదు, చేతిలో సొంత డబ్బుండదు, కొన్ని ఊళ్ళలో బస్సే ఉండదు. అలాంటి దక్షిణాసియా స్త్రీల కోసం న్యూజెర్సీలో మానవి 1985లో మొదలైంది. షికాగోలో అప్నా ఘర్ 1990లో తలుపులు తెరిచింది. కెనడాలోనే నేషనల్ జకాత్ ఫౌండేషన్ 2014లో నీసా హోమ్స్ పేరుతో ముస్లిం స్త్రీలకు, వలస వచ్చినవారికి ఆశ్రయ గృహాలు ప్రారంభించింది. జకాత్ సొమ్ము ఖర్చు చేయవలసిన ఎనిమిది పద్దుల్లో బాటసారి ఒకటని మనందరికీ తెలుసు. బాటసారి అనగానే మనకు సంచి భుజాన వేసుకున్న మగమనిషి కళ్ళ ముందు మెదులుతాడు. చెప్పులు లేకుండా పిల్లను ఎత్తుకుని మా గుమ్మంలో నిలబడిన ఆమె బాటసారి అని ఆ రాత్రి మాకు తోచలేదు.

బ్రిటన్‌లో ఇంకో దారి కనిపెట్టారు. ఒక స్టేషన్ మేనేజర్‌కు వచ్చిన ఆలోచనతో సౌత్‌ఈస్టర్న్ రైల్వే సంస్థ 2019లో, ఆశ్రయ గృహానికి వెళ్తున్న స్త్రీలకు టికెట్ ఉచితం చేసింది. 2020 ఏప్రిల్ నాటికి, కరోనా లాక్‌డౌన్ మధ్యలో, మిగిలిన రైలు సంస్థలూ చేరాయి.

మన దగ్గర

అదే 2020లో మన పరిస్థితి జ్ఞాపకం చేసుకోండి. మార్చి 25 నుంచి బస్సు లేదు, రైలు లేదు, ఆటో లేదు. కొట్టే మనిషి, దెబ్బలు తినే మనిషి ఒకే గదిలో. ఫోన్ చేయడానికి కూడా చాటు దొరకదని గ్రహించి జాతీయ మహిళా కమిషన్ ఏప్రిల్ 10న ప్రత్యేకంగా ఒక వాట్సాప్ నంబరు ప్రకటించవలసి వచ్చింది.

2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, పెళ్ళయిన స్త్రీలలో భర్త చేతి హింసకు గురైనవారు తెలంగాణలో నూటికి 37 మంది దాకా, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది తేలారు. దేశం మొత్తం మీద చూస్తే, హింసకు గురైనవారిలో నూటికి 77 మంది ఎవరికీ చెప్పుకోలేదు, ఎవరి సాయమూ అడగలేదు. మా తలుపు తట్టిన ఆమె మిగిలిన కొద్దిమందిలో ఒకరన్నమాట.

చట్టం లేదనడానికి వీల్లేదు. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇది అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. భార్యకే కాదు, ఆ ఇంట్లో ఉండే తల్లికి, చెల్లికి, వితంతువైన వదినకు కూడా. హింస జరుగుతోందని నమ్మకం కలిగిన ఎవరైనా రక్షణ అధికారికి తెలియజేయవచ్చు. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద కేసు పెట్టడానికి వీలుండదని నాలుగో సెక్షన్ చెబుతోంది. ఆశ్రయం అడిగితే శరణాలయం వారు ఇవ్వాలి. ఫిర్యాదు నమోదు కాలేదన్న సాకుతో కాదనకూడదు. ఆమె వద్దంటే, ఆమె అక్కడున్న సంగతి అవతలివారికి చెప్పకూడదు. 2015 నుంచి సఖి కేంద్రాలు వచ్చాయి. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, అయిదు రోజుల వరకు తాత్కాలిక వసతి అక్కడ ఉంటాయి. అంతకు మించి ఉండవలసి వస్తే, ఒకప్పుడు స్వధార్ గృహాలని పిలిచిన శక్తి సదన్‌లున్నాయి.

అయితే సఖి కేంద్రం ఉండేది ఎక్కువగా జిల్లా కేంద్రంలో. కొట్టేది రాత్రి పదకొండింటికి, మండలం చివరి ఊళ్ళో. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవారికి బస్సు ఉచితమైంది. ఇది చిన్న విషయం కాదు. చేతిలో రూపాయి లేని మనిషి కూడా ఊరు దాటగలుగుతోంది. కానీ జీరో టికెట్‌కు గుర్తింపు కార్డు చూపాలి. ఆ కార్డు తరచు భర్త బీరువాలోనో అత్తగారి ట్రంకుపెట్టెలోనో ఉంటుంది. పైగా నడిరాత్రి పల్లెకు బస్సు రాదు. అక్కడ కావలసింది పక్కింటి ఆటో.

మన మొహల్లాల్లో జనాజా కోసం వాహనం ఉంటుంది. చందాలు వేసుకుని కొన్న అంబులెన్సులు చాలా మస్జిద్‌ల ముందు చూస్తాం. ఏ వేళ ఫోన్ చేసినా వచ్చే డ్రైవర్లుంటారు. ఆ నంబరు అందరి ఇళ్ళలో గోడ మీద రాసి ఉంటుంది. ప్రాణాలతో బయటపడదామని వచ్చిన ఆమెకూ అదే బండి ఎందుకు పనికిరాదు? ఈ మాట ఒక కమిటీ పెద్దమనిషి దగ్గర అంటే, "మనం ఇళ్ళు నిలబెట్టాలి గానీ కూల్చే పని పెట్టుకోకూడదు" అన్నారు. ఆయన మంచివారే. కానీ ఆ మాట మేము ఒప్పుకోలేదు. ఇరువైపులా చెరో మధ్యవర్తిని పెట్టి మాట్లాడుకొమ్మని దివ్య ఖుర్ఆన్ చెప్పింది కదా. ఆ మధ్యవర్తి ముందు భార్య నిజం చెప్పాలంటే ఆ రాత్రికి మళ్ళీ అదే ఇంటికి పోతానన్న భయం ఉండకూడదు. సయోధ్య కుదిరితే కుదరనివ్వండి. ఆమె భద్రంగా ఉన్న చోట కూర్చుని కుదరనివ్వండి.

బండి ఉన్న యువకులకు ఒక హెచ్చరిక. ఇది వీరత్వం చూపే పని కాదు. తెలిసీ తెలియక చేస్తే ఆమెకే ముప్పు. ముందు 181కి గానీ 112కి గానీ ఫోన్ చేసి చెప్పాలి. అప్పుడు ఎవరు ఎప్పుడు ఎక్కడికి తీసుకెళ్ళారన్నది నమోదవుతుంది. రేపు భర్త తరఫువారు పిల్లలను ఎత్తుకుపోయారని మీ మీద నింద వేసినా జవాబుంటుంది. మేజరైన స్త్రీ తన ఇష్టంతో వెళ్తోంది, ఎక్కడికి వెళ్ళాలో నిర్ణయం ఆమెదే. బండిలో ఇంకో ఆడమనిషి ఉండటం అన్ని విధాలా మేలు. ఆమెను మీ ఇంటికి తీసుకెళ్ళవద్దు. సఖి కేంద్రానికో, ఆసుపత్రికో, ఆమె చెప్పిన చోటికో చేర్చండి. ఆమె ఫోన్‌లో లొకేషన్ ఆపి ఉందో లేదో చూసుకోమని చెప్పండి. ఇప్పుడు భర్తలు దాంతోనే వెతుక్కుంటూ వస్తున్నారు. ఫోటో తీయవద్దు. స్టేటస్ పెట్టవద్దు. మర్నాడు టీ కొట్టు దగ్గర, పేరు చెప్పకపోయినా సరే, ఆ కథ చెప్పవద్దు. మన ఊళ్ళలో పేరు చెప్పకపోయినా అందరికీ అర్థమవుతుంది.

మా వీధి ఆటో అబ్బాయి ఆ తర్వాత రెండుసార్లు ఈ పని మీద వెళ్ళాడు. రెండుసార్లూ వాళ్ళ అమ్మను వెనక సీట్లో ఆమె పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళాడు. దారి పొడుగునా ఆ తల్లి ఏమీ అడగలేదట. పిల్లాడికి బిస్కట్ పొట్లం ఇచ్చి ఊరుకుందట. రెండోసారి వెళ్ళిన ఆమె ఇప్పుడెక్కడుందో మాకు తెలియదు, ఆ అబ్బాయికీ తెలియదు. జిల్లా కేంద్రం దాకా పోను రాను అయిన గ్యాసు ఖర్చు మేము ఇవ్వబోతే మొదట వద్దన్నాడు. మళ్ళీ వెళ్ళవలసి రావచ్చు, ఉంచుకో అన్నాం. తీసుకున్నాడు.

ఇంట్లో గోడ మీద రాసుకోవలసిన నంబర్లు: మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసర పోలీసు సాయం 112, ఉచిత న్యాయ సహాయం 15100. ఆదాయం ఎంతున్నా స్త్రీలకు ప్రభుత్వ న్యాయ సహాయం ఉచితమే. పక్కనే మీ వీధిలో రాత్రి బండి తీసేవారి నంబరు ఒకటి, వారిని ముందే అడిగి, రాసి ఉంచండి.